వంతెన మీద పెంటిగాడు

సారంగపాణి పంతులు ప్రెస్సు ముందట రాజేశ్వరి కొట్లాటకు దిగిన పొద్దు మొగిలమ్మ ఆమె పక్కనే నిలబడి ఉన్నది. మొగిలమ్మ కొట్లాటలు ఎరుగని మనిషి కాదు. వరంగల్ కాశిబుగ్గల పుట్టింది, కాశిబుగ్గలనే మనువాడింది. సాలెవాడ బాయి కాడ ఆడోళ్ళు బిందెలు విసురుకునుడు, నూలు తూకం మీద మగోళ్ళు అంగీలు చింపుకునుడు అన్నీ చూసింది, కొన్నింట్ల తనూ ఒక చెయ్యేసింది. కాని ఒక కథ కోసం మనిషి కొట్లాడుడు మాత్రం ఆనాడే చూసింది.

సంగతేందంటే, పొద్దుగాల ఉప్పు కోసం రాజేశ్వరి దుకాణానికి వచ్చిన సాలోళ్ళ పిల్ల ఒకతి ఉప్పు మాట మర్చిపోయి గడప కాడ కూలబడి ఏడ్చింది. ఏమైందే అని రాజేశ్వరి అడిగితే, "పెంటిగాడు సచ్చిపోయిండట పెద్దమ్మా. మా అన్న పుస్తకంల చదివిండు" అన్నది. రాజేశ్వరి చేతిల తరాజు అట్లనే గాల్లె ఆగిపోయింది.

పెంటిగాడంటే రాజేశ్వరి చెప్పే కథలల్ల పోరడు. పొద్దు గూకే యాల్లకు ఆమె దుకాణం అరుగు మీద పిల్లలు ఈగల లెక్క కమ్ముకునేది. ఆమె ఒక చేత్తోని పుట్నాలు, బెల్లం తూసుకుంటనే కథ చెప్పేది. వాడు తేనెతుట్టె మీద రాయి విసిరేది, కోడెదూడ నెక్కి అంగట్లకు పోయేది, తాటిచెట్టు మీద చిక్కుకొని కల్లు గీసేటాయనతోని బేరం చేసేది. ప్రతి కథల ఏదో ఒక ఆపదల పడేది, పడి నవ్వుకుంట ఇంటికొచ్చేది. వరంగల్ పిల్లలకు వాడు చుట్టం కన్న ఎక్కువ. ఇది చూసి సారంగపాణి పంతులు, ఆమె చెప్తాంటె రాసుకొని, చిన్న పుస్తకం అచ్చేసిండు. అది బాగా పోయింది. రెండోది అచ్చేసేటప్పుడు ఆయనకు తెలివి ఎక్కువై, ఆమె చెప్పని ముక్క ఒకటి కలిపిండు. ఆమె కథల పెంటిగాడు బాయిల పడి, బొక్కెన తాడు పట్టుకొని, కప్పలతోని ముచ్చట పెట్టుకుంట పైకొస్తడు. పంతులు కథల మునిగి సచ్చిండు. కింద లావు అక్షరాలల్ల, పెద్దల మాట వినని పిల్లలకు ఇదే గతి అని ఉన్నది.

రాజేశ్వరి దుకాణం తలుపు దగ్గరికేసి, చెంగు నడుముకు చెక్కి, మొగిలమ్మ చెయ్యి పట్టుకొని ప్రెస్సు దాకా ఒక్క మాట మాట్లాడకుండ నడిచింది.

"ఏం పంతులూ, నేను బతికిచ్చిన పిల్లగాణ్ని ముంచనీకి నువ్వెవ్వనివి?"

సారంగపాణి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "జర గొంతు తగ్గియ్యండి రాజేశ్వరమ్మా. నలుగురు చూస్తాండ్లు."

"చూడనియ్యి. నలుగురు చూడాల్ననే వచ్చిన."

"అట్ల గాదు, నా మాట వినండి. పిల్లలన్నంక భయముండాలె. మీ పెంటిగాడు చెప్పిన మాట వినడు, బాయిల దిగుతడు, చెట్టెక్కుతడు, అయినా ఏం గాదు. ఇది చదివి రేపు ఊళ్ళె పిల్లలందరు బాయి గిరక పట్టుకొని ఊగాల్నా? నీతి లేని కథ ఒక కథెట్లయితది చెప్పండి."

చుట్టు గుమిగూడినోళ్ళల్ల కొందరు తలకాయలూపిండ్లు. చదువుకున్నాయన చెప్పింది సబబే అన్నట్టు ఒక ముసలాయన మీసం కూడ సవరించుకున్నడు. మొగిలమ్మకు గుబులైంది. ఇగ రాజేశ్వరి ఓడిపోయినట్టే అనుకున్నది.

రాజేశ్వరి గొంతు తగ్గించింది. ఆమె గొంతు లేచినప్పుడు భయపడే పని లేదు, తగ్గినప్పుడే పైలంగ ఉండాలె. ఆ సంగతి పంతులుకు తెల్వదు.

"మంచిది పంతులూ. నీతి గావాలె, పిల్లగాడు మునగాలె. ఒక్క పని చెయ్యి. పెంటిగాడు అని ఉన్నకాడల్లా నీ కొడుకు పేరు పెట్టు. పెట్టి, బాయిల పడ్డ కాడి నుంచి ఇక్కడ్నే, ఈ నలుగురి ముందట గట్టిగ చదువు. నేను కూసొని ఊ కొడత."

అన్నదాన్ని అన్నట్టే, ప్రెస్సు మెట్టు మీద కాళ్ళు ముడుసుకొని కూసున్నది.

ఊ కొట్టేటోళ్ళు లేకుంటే ఆ రోజులల్ల ఎవ్వరు కథ చెప్పేటోళ్ళు కాదు. ఊ అంటే వింటాన అని ఒక్కటే కాదు, అట్లనే కానియ్యి అని. సారంగపాణి పుస్తకం చేతిలకు తీసుకున్నడు. నోరు తెరిచిండు. ఆయనకు ఒక్కగానొక్క కొడుకు, బడికి పోయిండు, బడి పక్కన బాయి ఉన్నది. నోరు మూసిండు. మీసం సవరించుకున్న ముసలాయన నేలకు చూసుకుంట నిలబడ్డడు.

"చదువు పంతులూ. నీతే గదా."

లోపలి అర్రల నుంచి పంతులు పెండ్లాం మాట వినవడ్డది. గట్టిగ అనలేదు, కాని అందరికి వినవడ్డది. "ఆ కాయితాలు మీరు చింపుతరా, నన్ను పొయ్యిల పెట్టమంటరా?"

ఆనాడే ఆఖరు కాయితాలు చింపిండ్లు. బొక్కెన తాడు, కప్పలు, నవ్వుకుంట ఇంటికొచ్చుడు అన్నీ మళ్ళ అచ్చయినయి. లావు అక్షరాల నీతి కూడ పోయింది.

వాపసు వచ్చేటప్పుడు మొగిలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "పాపం పంతులు మొకం చూసినవా అక్కా, నానవెట్టిన పల్లి లెక్కయింది." రాజేశ్వరి నవ్వలేదు. మొగిలమ్మ చెయ్యి ఇడిచి ఇంటి దిక్కు బిరబిర నడిచింది.

"గెలిచినవ్ గదా, ఇంకెందుకు ఉరుకుతానవ్?"

"గెలిచిన్నా? చింపక ముందే పోయిన పుస్తకాలు ఎక్కడెక్కడ ఉన్నయో. ఎన్ని ఇండ్లల్ల వాడు మునిగిండో, ఎంతమంది ఊ కొట్టిండ్లో."

"కథల పోరడే గదక్కా."

ఇంటికాడ బజారుల గోటీలాడుతున్న కొడుకును చూసేదాక రాజేశ్వరి అడుగులు ఆగలేదు.

ఆ కొడుకు పేరు కూడ పెంటయ్యే. ఆ పేరు వెనక ఉన్నది మొగిలమ్మే.

రాజేశ్వరి హన్మకొండ కోమట్ల బిడ్డ. కాశిబుగ్గల చిన్న కిరాణం దుకాణం ఉన్న సాంబయ్యకు ఇచ్చిండ్లు. సాంబయ్య మెతక మనిషి. ఎంత మెతక అంటే, బాకీ అడగనీకి పోయి అటుకులు ఇచ్చి వచ్చేటోడు. పెండ్లయినంక పుట్టిన పిల్లలు ఒక్కరు తొట్టెల దాటలేదు. ముగ్గుర్ని మట్టిల పెట్టి వచ్చినంక నాలుగోసారి కడుపు పండితే ఆమెకు సంబురం లేదు. పక్క బజారుల సాలెల మొగిలమ్మ, దుకాణానికి వచ్చిపోయే మనిషి, అప్పటికి ఇద్దరు ఆడపిల్లల తల్లి, ఆమెను రాజేశ్వరి పిలిచి అడిగింది. పెద్దమనుషులు చెప్పిన ఉపాయమే. ఇట్ల పిల్లలు దక్కనోళ్ళు, అక్కెరకు రానోణ్ని సావు గూడ ముట్టదని చేసేదే.

పురుడైన తెల్లారి పిలగాణ్ని పాత గుడ్డల చుట్టి, చాటల పండవెట్టి, ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టిండ్లు. రాజేశ్వరి మొకం అటు తిప్పి నిలబడ్డది. మొగిలమ్మ ఏమెరుగనట్టు నడిచొచ్చింది.

"ఎవ్వరి పోరడమ్మా వీడు, పెంట మీద ఏడుస్తాండు?"

"ఎవ్వరికెరుక? మాకు అక్కెరకు రాడు. గావాలంటే తీస్కపో."

మొగిలమ్మ చాటెడు తౌడు కొలిచి రాజేశ్వరి కొంగుల పోసి పిలగాణ్ని ఎత్తుకున్నది. ఎత్తుకొని ఇంటి ముంగటికెల్లి వచ్చి, "నాకు మగ్గం పనున్నది, నా కొడుకును జర సాదిపెట్టు అక్కా" అని మళ్ళ ఆమె చేతులనే పెట్టింది. పెంట మీద దొరికిండు గనుక పెంటయ్య. తౌడుకు కొన్నది గనుక మొగిలమ్మ కొడుకు. ఆనాటి నుంచి రాజేశ్వరి నలుగురిల వాణ్ని నా కొడుకు అనలేదు. సచ్చిపోతడేమో అన్న భయం వాని ముందట ఒక్కనాడు నోట్ల నుంచి రానియ్యలేదు. కన్నది భయపడ్డట్టు సావుకు తెలిస్తే కొన్నది చెల్లదని ఆమె పట్టింపు.

ఆ భయం ఎక్కడికి పోవాలె? కథలల్లకు పోయింది.

మొగిలమ్మకు ఈ సంగతి ప్రెస్సు కొట్లాటైనంక వచ్చిన మేడారం జాతర నాడు తెలిసింది. బండి కట్టుకొని పోయే ముందు రోజు, అరుగు మీద రాజేశ్వరి జాతర కథ చెప్పింది. పెంటిగాడు జనంల తప్పిపోయి, ఎవ్వరి ఒంటె మీదనో కూసొని, అమ్మ ఏదని అడుగుతాంటె ఒంటె నవ్విందని. పిల్లలు పడి పడి నవ్విండ్లు. తెల్లారి అడవిల నిజంగనే పెంటయ్య చెయ్యి జారి తప్పిపోయిండు. మొగిలమ్మ ఏడ్చుకుంట అటు ఇటు ఉరికింది. రాజేశ్వరి మాత్రం గద్దెల కాడ బెల్లం కుప్పల దిక్కు నడిచింది. వాడు ఆడ్నే కూసొని మొకమంత బెల్లం పూసుకొని ఉన్నడు.

"నీకు భయం గాలేదా అక్కా?" అని మొగిలమ్మ ఆగమాగంగ అడిగింది.

"నిన్ననే తప్పిపోయి దొరికిండు గదా" అన్నది రాజేశ్వరి. మొగిలమ్మ అర్థం గాక మొకంల మొకం పెట్టి చూసింది. అప్పుడు చెప్పింది. "ఆపద గుడ్డిది మొగిలీ. పేరు పట్టుకొని దేవులాడుకుంట వస్తది. పెంటయ్య ఏడీ అంటే కథల దొరుకుతడు. ఆడ దాని పని చేసుకొని పోతది. ఈడికి వచ్చేసరికి దానికి ఆకలి ఉండది."

"పిచ్చి లేసిందా అక్కా నీకు?"

"లేసింది. ముగ్గుర్ని మట్టిల పెట్టు, నీకూ లేస్తది."

ఇగ అప్పటి నుంచి మొగిలమ్మ కథను వేరే చెవితోని విన్నది. వాడు చెరువు దిక్కు పోతాండంటే ముందుగాల చెరువు కథ. పట్నం పోతాండంటే ముందుగాల మోటరు కింద పడబోయిన కథ. ఆమె ఊరికే నవ్వులకు చెప్తున్నదని లోకం అనుకున్నది. ఒక్కసారి మాత్రం ఎనకబడ్డది. సాంబయ్య కాలం చేసిన యేడు పెంటయ్యకు విషజ్వరం వచ్చింది, జ్వరం కథ ఆమె ఎన్నడు చెప్పి ఉండలేదు. దవాఖాన సీసా మందు ఒక దిక్కు, మంచం పక్కన కూసొని ఆమె కథ ఒక దిక్కు. పెంటిగాడు జ్వరాన్ని గోనెసంచిల మూటగట్టి అంగట్ల అమ్మిన కథ. మొగిలమ్మ ఊ కొట్టి కొట్టి గొంతు ఎండిపోయింది. జ్వరం దిగింది. మందుకు దిగిందని మొగిలమ్మకు అనిపించింది, కాని అనలేదు. అనేటంత ధైర్యం ఆమెకు లేకుండె. ఏమో, నిజమేనేమో.

కాని పిలగాండ్లు పెద్దగవుడు ఏ కథా ఆపదు.

పెంటయ్య మీసం మొలిచినంక కాజీపేటల ఇంజన్ల బొగ్గేసే పనికి చేరిండు. దుకాణంల కూసో బిడ్డా అంటే వినలేదు. చేరేటప్పుడు పేరు అడిగితే రాంచందర్ అని రాయించుకున్నడు. కొత్త అంగీ, కొత్త పేరు. కొన్ని దినాలు అంతా బాగనే ఉండె. ఒకనాడు రాజేశ్వరి టిఫిన్ డబ్బా పట్టుకొని షెడ్డు దాక పోయింది. పట్టాల అవతల వాడు నలుగురితోని నిలబడి ఉన్నడు. ఇంజన్ల సప్పుడుల రాంచందర్ అనే పేరు ఆమె నోటికి రాలేదు.

"పెంటీ. ఓ పెంటీ."

నలుగురు తిరిగి చూసిండ్లు. అందులొకడు కాశిబుగ్గ అల్లుడు. వానింట్ల ఆ పుస్తకం ఉన్నది.

ఆనాటి నుంచి షెడ్డుల వానికి రాంచందర్ అన్న పేరు లేదు. పారబట్టి బొగ్గేస్తాంటె, "ఏం రా పెంటిగా, కప్పలు బాగున్నయా" అని డ్రైవర్ అడిగేది. పెద్ద ఫోర్మన్ కూడ, "అరే, ఒంటె మీద వచ్చినవా ఇయ్యాల" అనేది. చిన్న పొరపాటైనా, నవ్వుకుంట ఇంటికి పోతడు తీ అనుడు. ఒకనాడు డ్రైవర్ పిలగాండ్లను తీసుకొచ్చి, "అగో, అతనే పెంటిగాడు" అని చూపించిండు. ఆ పిల్లలు దగ్గరికొచ్చి ఆశతోని వాని మొకంలకు చూసిండ్లు. కాసేపటికి చిన్నపిల్ల, "ఇతను కాదు, పెంటిగాడు ఇంత కోపంగ ఉండడు" అన్నది. వాడు ఆ పొద్దు బొగ్గు మసితోనే ఇంటికొచ్చిండు.

మొగిలమ్మ అప్పుడు అరుగు మీద కూసొని నూలు కండెలు చుట్టుతాంది. లోపటికెల్లి వాని మాట వినవడ్డది.

"అమ్మా, ఆ పోరణ్ని సంపెయ్యి."

రాజేశ్వరి రెండు చేతులతోని చెవులు మూసుకున్నది. "ఆ మాట ఎనకకు తీస్కో."

"ఏం, కథల పోరడే గదా. బాయిల ముంచుతవో, రైలు కింద పడేస్తవో నీ ఇష్టం. నలుగురికి తెలిసేటట్టు సంపు. వాడుంటే నేనుండ. నాకు ఉన్నది ఒక్క మొకం, అది కూడ వానిదే అంటాండ్లు."

"పెంటీ, నీకు తెల్వదు..."

"ఏం తెల్వదో చెప్పు మరి."

చెప్పలేదు. మొగిలమ్మ లేచొచ్చి తలుపు గల్మ కాడ నుంచి చూస్తనే ఉన్నది. చెప్పు అక్కా, ఒక్క మాట చెప్పు అని కండ్లతోనే అన్నది. రాజేశ్వరి మొకం తిప్పుకున్నది.

"నాకు ఎరుకైంది తీ" అన్నడు వాడు. "వాని మీదున్నంత పావురం నా మీద లేదు నీకు. వాడు మంచోడు. పెద్దగ గాడు, నవ్వుకుంట ఇంటికొస్తడు."

ఆ మాట అనుకుంట బయటికి నడిచిండు. ఇంటికి రాలేదు. షెడ్డు దగ్గర్నే దోస్తుల కాడ ఉన్నడు. ఇక్కడెవ్వరు తెల్వని చోటికి పంపుమని ఫోర్మన్‌ను అడిగి, బల్లార్షా దిక్కుకు మార్పించుకున్నడు. ఆ దిక్కు గోదారి మీది వంతెన దాటాలె.

అది నలభై ఎనిమిది ఎండకాలం వెళ్ళి వానలు మొదలైన రోజులు. రాజ్యం మొత్తం అల్లకల్లోలంగ ఉండె. రైళ్ళ మీద ఎవ్వరికి నమ్మకం లేకుండె. ఫలానా చోట పట్టాలు పీకిండ్లట, ఫలానా వంతెన మీద ఏదో పెట్టిండ్లట అని పొద్దుకొక మాట. బల్లార్షా పోయిన బండి వచ్చేదాకా ఆడోళ్ళు స్టేషన్ల కూసొని ఉంటుండ్లని కాజీపేట నుంచి వచ్చినోళ్ళు చెప్పేది. కొడుకు తెల్లారితే ఆ బండి మీద పోతాండన్న మాట రాజేశ్వరికి మంచం మీద ఉండంగ తెలిసింది. అప్పటికే దగ్గు ఆమె రొమ్ముల ఇల్లు కట్టుకున్నది. నోరు మూసుకొని పండుకోవాలె, మాట్లాడితే పానానికి ముప్పు అని దవాఖాన డాక్టరు చెప్పిండు. ఆమెను నోరు మూసుకోమన్న మగోళ్ళు చానమంది ఉన్నరు గని, మూయించింది ఈ దగ్గొక్కటే.

"మొగిలీ, రైలు కథ చెప్పలేదు" అన్నది ఆమె. "అన్నీ చెప్పిన, రైలు చెప్పలేదు. ఎవ్వరున్నరు ఊ కొట్ట? పిల్లల్ని బయటికి పంపుతలేరు."

"నేనున్న గదా. ఊ నేను కొడత."

"వాడు పోయేలోపు అయిపోవాలె." చెప్పబోయింది. పెంటిగాడు ఇంజన్ ఎక్కే దాకా కూడ రాలేదు, దగ్గు తెర వచ్చి గుడ్డ ఎర్రగయింది.

మొగిలమ్మ లేచింది. మొగనికి అన్నం కూడ పెట్టలేదు, స్టేషన్‌కు నడిచి కాజీపేట బండెక్కింది.

షెడ్డుల వాడు ఇంజన్ కింద బూడిద లాగుతాండు. నెత్తి నుంచి కాలి దాకా నలుపు, కండ్లు ఒక్కటే తెలుపు.

"ఏం రో రాంచందరూ" అన్నది మొగిలమ్మ.

ఆ పేరు ఆమె నోట విని వాడు పార ఆపిండు. "నువ్వెందుకొచ్చినవ్ మొగిలవ్వా?"

"నా సొమ్మును చూసుకపోదామని. చాటెడు తౌడు పోసి కొన్న నిన్ను, మర్చిపోయినవా? కన్నామె చెప్పరాని మాట కొన్నదాన్ని నేను చెప్పొచ్చు. ఇని, ఎడ్డిదాని మాటంటే అను, కాని మధ్యల మాట్లాడకు."

చెప్పింది. ముగ్గురి సంగతి వానికెరుకే. మేడారం సంగతి, జ్వరం సంగతి, చెరువు కంటె ముందు చెరువు కథ, అన్నీ చెప్పింది. నువ్వు పోయే ప్రతి తొవ్వల వాడు ముందు పోయి దెబ్బలు తిని వచ్చిండు రా అని చెప్పింది. ప్రెస్సు కాడ ఎందుకు కొట్లాడిందో చెప్పింది.

వాడు పారను బూడిదల గుచ్చిండు. "ఇది మనుషులు నమ్మే మాటేనా అవ్వా?"

"కాదు. నేను గూడ నమ్మలే. కాని రేపు నువ్వు గోదారి దాటేటప్పుడు నమ్మకుండ ఉండుమను నన్ను, చూస్త."

"ఆమెనే చెప్పొచ్చు గదా ఇన్నేండ్లు."

"చెప్తే కొన్నది చెల్లదు. సచ్చినా చెప్పది. అంత మొండిది నీ తల్లి, నీకెట్ల వచ్చిందనుకున్నవ్ మొండితనం?"

వాడు మళ్ళ పార అందుకున్నడు. వస్తనని అనలేదు, రానని అనలేదు. మొగిలమ్మ ఆ సందేహంతోనే వాపసు బండెక్కింది. తెల్లారి పొద్దుగాల నుంచి గల్మల నిలబడి బజారు మూల దిక్కు చూసింది. మధ్యాహ్నం బండికి వాడు ఎక్కాలె. వచ్చేటోడైతే ఇప్పుడే రావాలె.

పొద్దు బారెడెక్కినంక వచ్చిండు. తానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కున్నడు. తల్లి మంచం పక్కన పీట మీద కూసున్నడు. ఎట్లున్నవ్ అని అడగలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, "చెప్పు" అన్నడు.

రాజేశ్వరి మొగిలమ్మ దిక్కు చూసింది. మొగిలమ్మ చూపు తప్పించి కండెలు సర్దింది. ఆ చూపు తప్పించుట్లనే రాజేశ్వరికి అంతా తెలిసిపోయింది. కోపం చేస్తదేమో అని మొగిలమ్మ భయపడ్డది. కోపం చేయలేదు. నెమ్మదిగ, మాటకొకసారి ఊపిరి తీసుకుంట మొదలువెట్టింది.

"ఒక పోరడుండె. పెంటిగాడు."

"ఊ" అన్నడు రాంచందర్.

"రైలు ఎక్కాల్నని వానికి మస్తు ఆశ. ఎవ్వరు చూడకుండ ఇంజన్ల బొగ్గు కుప్ప ఎనక నక్కి కూసున్నడు."

"ఊ."

"డ్రైవర్‌కు మంచి నిద్ర. కూసొనే గురక. గురకకే ఇంజన్ నడుస్తాందని పెంటిగాడనుకున్నడు."

వాని పెదవి కొసకు నవ్వు వచ్చి ఆగింది. "ఊ. ఉంటడు అసొంటోడు."

"మబ్బులయినయి. వాన. ముంగట గోదారి. నీళ్ళు వంతెన దాక ఉబ్బినయి. బండి వంతెన మీదికొచ్చింది. సగం కాడికి వచ్చేసరికి పెంటిగాడు తల బయట పెట్టి చూసిండు. ముంగట పట్టాలు..."

దగ్గు తెర వచ్చింది. మొగిలమ్మ పట్టుకున్నది, వాడు పట్టుకున్నడు. నీళ్ళు తాగిచ్చిండ్లు. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళ తెరిచింది. గాలి తప్ప ఏం రాలేదు. గోడ మీద ఎండ జరుగుతాంది. బజారుల జట్కా ఆగిన సప్పుడైంది, వాడు చెప్పివచ్చిన జట్కానే. దూరం నుంచి స్టేషన్ల ఇంజన్ కూత వినవడ్డది.

"ఊ" అన్నడు వాడు, ఆమె ఏం చెప్పకున్నా. ఇంకొకసారి, "ఊ."

రాలేదు. జట్కాయన బయట నుంచి పిలిచిండు. వాడు లేచి నిలబడి, వంగి, తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "వాణ్ని వంతెన మీదనే ఉండనియ్యి అమ్మా. వచ్చినంక వింట." గల్మ దాటంగ మొగిలమ్మతోని మెల్లగ, "పైలంగ చూసుకో అవ్వా" అన్నడు. జట్కా చక్రాల సప్పుడు మూల తిరిగి పోయింది.

వంతెన మీద పెంటిగాడు ఉన్నడు. ముంగట పట్టాలున్నయో లేవో ఎవ్వరు చెప్పలేదు. నిన్నటి దాక ఇది ఎడ్డిమాటే అన్న మొగిలమ్మ, ఇప్పుడు మంచం పట్టె పట్టుకొని కూలబడ్డది. కథ చెప్పకున్నా బాగుండు, సగంల ఆపుడు కంటె.

రాజేశ్వరి చెయ్యి ఆమె కొంగు పట్టి గుంజింది. మాట ఇప్పుడు ఊపిరంత సన్నగ వచ్చింది.

"మొగిలీ. నువ్వు చెప్పు."

"నాకేం వస్తది అక్కా కథ. నేను ఊ కొట్టేదాన్ని."

"ఇన్నేండ్లు ఊరికే కొట్టినవా? నువ్వు కొన్నవ్ వాణ్ని. నువ్వే దాటియ్యాలె."

"ఏం చెప్పాలె మరి? పట్టాలు ఉన్నయని చెప్పాల్నా?"

"ఉన్నయని చెప్పు. తుప్పు వట్టినయని చెప్పు, చూసి బెదిరిండని చెప్పు, కాని ఉన్నయని చెప్పు. అవతలి గడ్డకు దించు." ఊపిరి కోసం ఆగింది. కండ్ల కొసల నుంచి నీళ్ళు చెవులల్లకు జారుతున్నయి, తుడుచుకోలేదు. "వాని ఊ విన్నవా మొగిలీ? ఎంత లావు గొంతు. నేను ఇన్నేండ్లు వాణ్ని అరుగెక్కే పోరణ్ని చేసి కూసోవెడితి."

మొగిలమ్మ కొంగుతోని ఆమె చెవుల కాడి నీళ్ళు తుడిచింది.

"దించినంక వానికి మీసాలు పెట్టు. పెద్దోణ్ని చెయ్యి. బండి దిగంగనే, నీ పేరేంది అని ఎవ్వరన్నా అడిగితే, రాంచందర్ అని చెప్పినట్టు చెప్పు. ఆడికి ఆపు కథ. ఇగ వాని కోసం ఎవ్వరు దెబ్బలు తినే పని లేదు, వాడే తింటడు, వాడే లేస్తడు. నా నోట అది రాదు మొగిలీ. నువ్వు చెప్పు."

"ఎవ్వరికి చెప్పాలె అక్కా? ఎవ్వరున్నరు ఈడ?"

రాజేశ్వరి మోచెయ్యి మీద లేవబోయి, చాతగాక, గోడకు ఒరిగి కూసున్నది. అరుగు మీద పిల్లల నడుమ కూసున్నప్పటి లెక్క కాళ్ళు ముడుసుకున్నది.

"మొదలువెట్టు" అన్నది. "గోదారి వచ్చేలోపు అయిపోవాలె. నేను కూసొని ఊ కొడత."